ఆటమ్స్ ఎందుకు అతుక్కుంటాయి? కోరికలేం లేవు, ఉన్నదంతా ఎనర్జీ లెక్కే

ముందు ఒక మాట గొడవ తేల్చుకుందాం. మనం అణుబాంబు అంటాం, అణుశక్తి అంటాం, అక్కడ అణువు అంటే ఆటమ్ అనే అర్థం, కానీ సైన్స్ పుస్తకం తెరిస్తే ఆటమ్‌కి పరమాణువు అని ఉంటుంది, కొన్ని పరమాణువులు కలిసి ఏర్పడ్డ మాలిక్యూల్‌కి అణువు అని ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి కూడా ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలగాపులగం అయిపోతాయి. అందుకని ఇక్కడ ఆటమ్, మాలిక్యూల్ అనే రాస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆటమ్ మధ్యలో న్యూక్లియస్ ఉంటుంది, దానిది ప్లస్ చార్జ్, చుట్టూ ఎలక్ట్రాన్లు, వాటిది మైనస్ చార్జ్, ప్లస్ ఎంతో మైనస్ కూడా అంతే కాబట్టి మొత్తం మీద ఆటమ్ చార్జ్ సున్నా. మరి చార్జే లేని రెండు ఆటమ్స్ ఒకదాన్నొకటి ఎందుకు లాక్కుంటాయి? గ్రావిటీ అనుకోవడానికి లేదు, అంత చిన్న వస్తువుల మధ్య గ్రావిటీ ఉన్నా లేనట్టే. ఈ ప్రశ్న అడక్కుండానే చాలామంది బాండ్స్ (ఆటమ్స్ మధ్య బంధాలు) చాప్టర్ దాటేస్తారు, ఎందుకంటే దానికంటే ముందే ఒక కథ చెప్పేస్తారు కాబట్టి: ప్రతి ఆటమ్‌కీ బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి, సోడియంకి ఒకటి ఎక్కువుంది ఇచ్చేయాలనుకుంటుంది, క్లోరిన్‌కి ఒకటి తక్కువైంది తీసుకోవాలనుకుంటుంది, ఇద్దరూ కలిశారు, ఉప్పు తయారైంది.

ఈ కథ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, పరీక్షలో మార్కులు కూడా వస్తాయి, కానీ లెక్క వేసి చూస్తే నిలబడదు. ఎందుకు నిలబడదో చూస్తే బాండ్ అంటే ఏంటో సగం అర్థమైపోతుంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

సోడియం తన ఎలక్ట్రాన్ ఇచ్చేయాలనుకుంటుంది అన్నారు కదా, నిజంగా ఇచ్చేయాలనుంటే దాని దగ్గర్నుంచి ఎలక్ట్రాన్ తీయడం తేలిక అవ్వాలి. కానీ ఒక మోల్ సోడియం ఆటమ్స్ నుంచి (మోల్ అంటే 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేంత సంఖ్య, సుమారుగా) ఒక్కో ఎలక్ట్రాన్ లాగాలంటే మనం 496 కిలోజౌల్స్ (ఎనర్జీని కొలిచే యూనిట్) ఖర్చుపెట్టాలి. అంటే సోడియం ఇవ్వట్లేదు, మనం బలవంతంగా లాక్కోవాలి. మిగతా చాలా ఆటమ్స్‌తో పోలిస్తే తక్కువ ఖర్చు, అంతే, ఊరికే మాత్రం రాదు. సరే, ఆ ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇస్తే ఎంత తిరిగొస్తుంది? 349 కిలోజౌల్స్. 496 పెట్టి 349 వెనక్కి తెచ్చుకుంటే 147 నష్టం. ఒక సోడియం ఆటమ్, ఒక క్లోరిన్ ఆటమ్ దూరదూరంగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకోవడం నష్టం బేరం, కాబట్టి అంత దూరం నుంచి అది జరగదు.

మరి ఉప్పు ఎలా వచ్చింది? ఎలక్ట్రాన్ మారాక సోడియం ప్లస్ అయాన్, క్లోరిన్ మైనస్ అయాన్ అయ్యాయి (చార్జ్ వచ్చిన ఆటమ్‌ని అయాన్ అంటారు), ఇప్పుడు ఈ రెండూ దగ్గరికొస్తే ప్లస్ మైనస్ లాక్కోవడం వల్ల బోలెడంత ఎనర్జీ బయటికొస్తుంది, అసలు లాభం అక్కడుంది. పైగా ఉప్పులో ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, పక్కపక్క వాటి మధ్య దూరం 282 పికోమీటర్లు (మీటర్‌లో లక్ష కోట్లో వంతు ఒక పికోమీటర్), ఇలా మూడు దిక్కుల్లో పేర్చుకుంటూ పోతే ఒక మోల్‌కి మొత్తం 787 కిలోజౌల్స్ వస్తాయి. మొదటి నుంచి పూర్తి లెక్క వేద్దాం, నాకు ఈ లెక్క చాలా ఇష్టం. సోడియం ముక్కని ఆవిరి చేసి విడి ఆటమ్స్‌గా మార్చడానికి 107, క్లోరిన్ గ్యాస్‌లో రెండేసి జంటగా ఉన్న ఆటమ్స్‌ని విడదీయడానికి ఒక్కో మోల్ ఆటమ్స్‌కి 121, ఎలక్ట్రాన్ లాగడానికి 496, మొత్తం ఖర్చు 724. రాబడి చూస్తే క్లోరిన్ ఎలక్ట్రాన్ పుచ్చుకున్నప్పుడు 349, క్రిస్టల్ పేర్చుకున్నప్పుడు 787, మొత్తం 1136. తీసేస్తే 412 మిగులు, ల్యాబ్‌లో కొలిచినా దాదాపు ఇంతే, 411 వస్తుంది. ఎనిమిది ఎలక్ట్రాన్ల ఆశ అనేది ఈ లెక్కలో ఎక్కడా లేదు చూడండి, జమ ఖర్చులు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో విషయం, ఉప్పులో మాలిక్యూల్ అనేది లేదు. ఈ సోడియం ఈ క్లోరిన్‌ది అని చెప్పడానికి వీల్లేదు, ఆరుగురితో సమానంగా ఉంటుంది. సోడియం క్లోరైడ్ అని ఒకటికి ఒకటి రాస్తాం కదా, అది నిష్పత్తి మాత్రమే. చాలామందికి డిగ్రీ దాకా వచ్చినా ఇది ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు.

సరే, అయాన్ల దగ్గర ప్లస్ మైనస్ ఉంది కాబట్టి అర్థమైంది. అచ్చంగా ఒకేలాంటి రెండు ఆటమ్స్ సంగతేంటి? రెండు హైడ్రోజన్లు తీసుకోండి, ఒక్కోదానికి ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, ఇంతకంటే చిన్న కేసు లేదు, ఎవరు ఎవరికి ఇవ్వాలి?

దూరంగా ఉన్నప్పుడు ఒకదానికొకటి పట్టనట్టే ఉంటాయి. దగ్గరికొస్తున్న కొద్దీ ఒకేసారి చాలా జరుగుతాయి: మొదటి న్యూక్లియస్ రెండోదాని ఎలక్ట్రాన్‌ని లాగుతుంది, రెండోది మొదటిదాని ఎలక్ట్రాన్‌ని లాగుతుంది, రెండు ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, రెండు న్యూక్లియస్‌లూ తోసుకుంటాయి. లాగేవీ తోసేవీ కలిపి ఎటు మొగ్గితే అటు. ఒక దశ దాకా లాగడమే గెలుస్తుంది, మొత్తం ఎనర్జీ తగ్గుతూ వస్తుంది, న్యూక్లియస్‌ల మధ్య దూరం 74 పికోమీటర్లు అయినప్పుడు అట్టడుక్కి చేరుతుంది, అంతకంటే దగ్గరికి నెడితే తోపుడు గెలిచి ఎనర్జీ నిట్టనిలువుగా లేస్తుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఆ పల్లంలో పడ్డ జంటని మనం హైడ్రోజన్ మాలిక్యూల్ అంటున్నాం. పల్లం లోతు మోల్‌కి 436 కిలోజౌల్స్, అంటే మళ్ళీ విడదీయాలంటే అంత పెట్టి పైకి ఎత్తాలి. బాండ్ లెంగ్త్ అంటే ఆ పల్లం ఎక్కడుందో చెప్పే నంబరు, బాండ్ ఎనర్జీ అంటే ఎంత లోతో చెప్పే నంబరు. పుస్తకంలో రెండు అక్షరాల మధ్య గీసే గీత నిజంగా అక్కడ ఉన్న కర్ర కాదు. ఆ రెండు ఆటమ్స్ ఒక్కచోట నిలబడి కూడా ఉండవు, పల్లంలో వేసిన గోలీలాగా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి, హైడ్రోజన్‌లో అయితే సెకనుకి కోటి కోట్లసార్ల పైనే.

ఎలక్ట్రాన్లు మధ్యలో కూర్చుని రెండు న్యూక్లియస్‌లనీ జిగురులా పట్టుకుంటాయి అని సాధారణంగా చెప్తారు, అది తప్పు కాదు కానీ సగమే. ఎలక్ట్రాన్ చిన్న గోళీ కాదు, పరుచుకుని ఉండే మబ్బులాంటిది, దాన్ని ఇరుకుచోట బంధిస్తే దాని కైనెటిక్ ఎనర్జీ, అంటే కదలిక వల్ల ఉండే ఎనర్జీ, పెరుగుతుంది, విశాలంగా వదిలితే తగ్గుతుంది, ఇది క్వాంటమ్ మెకానిక్స్‌లో (ఎలక్ట్రాన్లలాంటి అతి చిన్న వాటి నడకని చెప్పే సైన్స్) తప్పించుకోలేని నియమం. ఒక్క న్యూక్లియస్ చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్‌కి రెండో న్యూక్లియస్ చుట్టూ కూడా తిరిగే వీలు దొరికితే ఇల్లు పెద్దదైనట్టే, బాండ్ మొదలవ్వడానికి ఈ విశాలత్వమే పెద్ద కారణం. ఆ తర్వాత మబ్బు రెండు న్యూక్లియస్‌ల వైపూ ఇంకా దగ్గరగా ముడుచుకుని ఎనర్జీ మరింత దించుతుంది. దీన్ని మొదటిసారి క్వాంటమ్ మెకానిక్స్‌తో లెక్కగట్టి చూపించింది హైట్లర్, లండన్ అనే ఇద్దరు ఫిజిసిస్టులు, 1927లో. వాళ్ళకొచ్చిన నంబరు అంత కచ్చితంగా లేదు, కానీ రెండు న్యూట్రల్ ఆటమ్స్ ఎందుకు అతుక్కుంటాయో చెప్పే లెక్క అప్పుడే మొదటిసారి కాగితం మీదకి వచ్చింది.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే బాండ్‌కి రెండు ఎలక్ట్రాన్లు ఉండి తీరాలని కూడా లేదు. హైడ్రోజన్ మాలిక్యూల్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసేస్తే రెండు ప్రోటాన్లు, మధ్య ఒక్కటంటే ఒక్క ఎలక్ట్రాన్ మిగులుతాయి, అయినా అది విడిపోదు, 106 పికోమీటర్ల దూరంలో, మోల్‌కి సుమారు 255 కిలోజౌల్స్ బలంతో నిలబడుతుంది. ఒక్క ఎలక్ట్రాన్ రెండు ప్రోటాన్లని పట్టి ఉంచగలదు! రెండో ఎలక్ట్రాన్ వస్తే బాండ్ ఇంకా గట్టిపడుతుంది, కానీ రెట్టింపు అవ్వదు, ఎందుకంటే ఎలక్ట్రాన్లు వాటిలో అవి తోసుకుంటాయి కదా.

మరి మూడు, నాలుగు ఎలక్ట్రాన్లు వస్తే ఇంకా గట్టిపడాలిగా? అక్కడే కథ తిరుగుతుంది. 1925లో పౌలీ అనే ఫిజిసిస్ట్ చెప్పిన నియమం ప్రకారం ఒక ఆర్బిటల్‌లో (ఎలక్ట్రాన్ మబ్బు పరుచుకునే గదిలాంటిది) ఇద్దరికే చోటు, అది కూడా వాటి స్పిన్‌లు (ప్రతి ఎలక్ట్రాన్‌కీ ఉండే, రెండే దిక్కులున్న ఒక గుణం) ఒకదానికొకటి ఎదురుగా ఉంటేనే. రెండు ఆటమ్స్ కలిసినప్పుడు రెండు రకాల ఆర్బిటల్స్ తయారవుతాయి, ఒకటి ఎనర్జీ తక్కువది, ఎలక్ట్రాన్ మబ్బు న్యూక్లియస్‌ల మధ్య చిక్కగా ఉంటుంది, బాండ్‌ని బిగిస్తుంది. ఇంకోటి ఎనర్జీ ఎక్కువది, న్యూక్లియస్‌ల మధ్య మబ్బు పలచబడిపోతుంది, బాండ్‌ని విడగొడుతుంది. హీలియం ఆటమ్‌కి రెండు ఎలక్ట్రాన్లు, రెండు హీలియంలు కలిస్తే నాలుగు, మొదటి ఇద్దరు కింది ఆర్బిటల్‌లో సర్దుకుంటే తర్వాత వచ్చిన ఇద్దరూ పైదాంట్లోకి పోక తప్పదు, ఆ పైదాని నష్టం కిందదాని లాభం కంటే కాస్త ఎక్కువే, కాబట్టి బాండ్ లేదు. హీలియం ఒంటరిగా ఉండేది తృప్తిగా ఉండబట్టి కాదు, కలిస్తే లాభం లేదు కాబట్టి.

ఒక చిన్న విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నా. ఖాళీ అంతరిక్షంలో రెండు హైడ్రోజన్ ఆటమ్స్ ఎదురుపడి గుద్దుకుంటే మాలిక్యూల్ అయిపోతాయి అనుకుంటాం, అవ్వవు. పల్లంలోకి జారాయి సరే, ఆ జారుడులో వచ్చిన ఎనర్జీ ఎక్కడికో పోవాలి కదా, పోకపోతే అదే ఊపులో రెండో వైపు నుంచి పైకి లేచి మళ్ళీ విడిపోతాయి. మూడో వస్తువు ఏదైనా ఆ ఎనర్జీని తీసుకోవాలి. అంతరిక్షంలో హైడ్రోజన్ మాలిక్యూల్స్ ఎక్కువగా ధూళి రేణువుల మీద తయారయ్యేది అందుకే, రేణువు ఆ ఎనర్జీని తనలోకి తీసుకుంటుంది, జంట నిలబడుతుంది.

దీన్ని పట్టుకుంటే ఇంకో పెద్ద అపోహ పోతుంది. బాండ్ తెగితే ఎనర్జీ వస్తుంది, ఇంధనంలో ఎనర్జీ బాండ్లలో దాచిపెట్టి ఉంటుంది అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది, బయాలజీ చదివినవాళ్ళ దగ్గరైతే మరీ. ఇది పూర్తిగా తలకిందులు. బాండ్ తెగడానికి ఖర్చే, ఎనర్జీ వచ్చేది కొత్త బాండ్ ఏర్పడినప్పుడు. హైడ్రోజన్ మండటం చూడండి: రెండు మోల్స్ హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్. హైడ్రోజన్ బాండ్లు తెంచడానికి 436 రెండుసార్లు, ఆక్సిజన్ డబుల్ బాండ్ తెంచడానికి 498, మొత్తం 1370 కిలోజౌల్స్ పెట్టుబడి. తర్వాత రెండు మోల్స్ నీళ్ళు తయారవుతాయి, అందులో నాలుగు మోల్స్ ఆక్సిజన్-హైడ్రోజన్ బాండ్లు, ఒక్కోటి సుమారు 463, మొత్తం 1852. తేడా 482 వేడిగా, మంటగా బయటికొస్తుంది. పెట్టుబడి ముందు పెట్టాలి కాబట్టే ఈ రెండు గ్యాసుల్నీ కలిపి ఊరికే ఉంచితే ఏమీ కాదు, ఒక నిప్పురవ్వ పడితే పేలుతుంది.

పెట్రోల్, కర్ర, బొగ్గు ఏది మండినా ఇదే వరస, ఇంకా చెప్పాలంటే అందులో ఆక్సిజన్ వాటానే పెద్దది. ఆక్సిజన్ మాలిక్యూల్‌లో ఉన్నది డబుల్ బాండ్ అయినా 498 దగ్గరే ఆగిపోయింది, అదే ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయితే ఒక్కో డబుల్ బాండ్ 800 దగ్గర ఉంటుంది. బలహీనమైన బాండ్లు పోయి బలమైన బాండ్లు రావడం, మంట అంటే అంతే. నైట్రోజన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, రెండు నైట్రోజన్ల మధ్య ట్రిపుల్ బాండ్, 945 కిలోజౌల్స్. గాలిలో 78 శాతం నైట్రోజనే అయినా మనం పీల్చి వదిలేస్తాం, ఒంట్లో దేంతోనూ కలవదు, దాన్ని తెంచడం మొక్కల వేళ్ళలో ఉండే కొన్ని బ్యాక్టీరియా, పిడుగులు, హేబర్ పద్ధతిలో (నైట్రోజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయడం) నడిచే ఎరువుల ఫ్యాక్టరీలు లాంటి కొన్నిటికే సాధ్యమవుతోంది. పేలుడు పదార్థాల్లో చాలావాటిలో నైట్రోజన్ ఉండేది కూడా ఇందుకే, అవి పేలినప్పుడు నైట్రోజన్లు జంటకట్టి ఆ 945 పల్లంలోకి ఒక్కసారిగా పడతాయి.

ఇప్పుడు పంచుకోవడం సంగతి. రెండు హైడ్రోజన్లు ఒకేలాంటివి, సగం సగం పంచుకుంటాయి. హైడ్రోజన్, క్లోరిన్ కలిస్తే? క్లోరిన్ లాగుడు ఎక్కువ, ఎలక్ట్రాన్ మబ్బు అటు జరుగుతుంది, క్లోరిన్ వైపు కాస్త మైనస్, హైడ్రోజన్ వైపు కాస్త ప్లస్. ఈ లాగుడు బలానికి లైనస్ పౌలింగ్ 1932లో ఒక స్కేల్ పెట్టాడు, ఎలక్ట్రోనెగటివిటీ అంటారు, ఇప్పుడు వాడే అంకెల్లో ఫ్లోరిన్‌కి 3.98, ఆక్సిజన్ 3.44, క్లోరిన్ 3.16, కార్బన్ 2.55, హైడ్రోజన్ 2.20, సోడియం 0.93. రెండు ఆటమ్స్ మధ్య ఈ తేడా సున్నా అయితే సమానంగా పంచుకోవడం, కొంచెం ఉంటే ఒకవైపు మొగ్గు, బాగా ఎక్కువుంటే ఎలక్ట్రాన్ దాదాపు పూర్తిగా అటువైపు పోయినట్టే, దాన్నే అయానిక్ అంటారు, పంచుకునే బాండ్‌ని కోవలెంట్ అంటారు. అంటే అయానిక్, కోవలెంట్ అని రెండు గదులు కట్టి మధ్యలో గోడ పెట్టారు కానీ అక్కడ గోడ లేదు, ఏటవాలుగా పోయే ఒక్కటే దారి ఉంది. ఎక్కడ గీత గీయాలన్నది మన సౌకర్యం.

ఈ మొగ్గు వల్ల ఏమవుతుందో చూడాలంటే నీళ్ళని మించింది లేదు, కానీ దానికి ముందు షేప్ తెలియాలి. ఆక్సిజన్‌కి బయటి కక్ష్యలో ఆరు ఎలక్ట్రాన్లు, రెండు హైడ్రోజన్లతో రెండు బాండ్లు పోగా రెండు జంటలు బాండ్ లేకుండా మిగిలిపోతాయి. మొత్తం నాలుగు జంటలు ఒకదానికొకటి వీలైనంత దూరంగా జరుగుతాయి. మీథేన్‌లో నాలుగూ బాండ్ జంటలే కాబట్టి సరిగ్గా 109.5 డిగ్రీలు, అమ్మోనియాలో బాండ్ లేని జంట ఒకటి ఉంటుంది, అది కాస్త ఎక్కువ చోటు ఆక్రమించి మిగతావాటిని నొక్కుతుంది, 107, నీళ్ళలో అలాంటివి రెండు కాబట్టి 104.5. అందువల్ల నీళ్ళ మాలిక్యూల్ వంగి ఉంటుంది, ఒకవైపు ప్లస్, ఒకవైపు మైనస్. కార్బన్ డయాక్సైడ్ తిన్నగా ఉంటుంది, రెండు వైపులా లాగుడు సమానం, కొట్టుకుపోతుంది. నీళ్ళ మాలిక్యూల్ కూడా అలా తిన్నగా ఉండి ఉంటే ఉప్పు అందులో ఇప్పుడు కరిగినట్టు కరిగేది కాదు.

ఎనిమిది ఎలక్ట్రాన్ల రూల్ దగ్గరికి మళ్ళీ వస్తా, ఎందుకంటే మొదట్లో దాన్ని పక్కన పెట్టేశా కానీ అది పనికిమాలినదని నా ఉద్దేశం కాదు. 1916లో గిల్బర్ట్ లూయిస్ రాసిన పేపర్‌లో బాండ్ అంటే రెండు ఆటమ్స్ పంచుకునే ఎలక్ట్రాన్ జంట అన్నాడు, చుక్కలు పెట్టి చూపించాడు, అప్పటికి క్వాంటమ్ మెకానిక్స్ ఇంకా పుట్టలేదు, స్పిన్ అనే మాటే లేదు, మైనస్ మైనస్ తోసుకోవాల్సిన రెండు ఎలక్ట్రాన్లు ఎందుకు జంటకడతాయో చెప్పడానికి ఆయన దగ్గర ఆధారం లేదు, అయినా కెమిస్ట్రీలో ఉన్న వందల పదార్థాలు చూసి పట్టేశాడు. కోవలెంట్ అనే పేరు 1919లో లాంగ్‌మ్యూర్ పెట్టాడు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ ఈ నాలుగింటి దగ్గర ఎనిమిది రూల్ అద్భుతంగా పనిచేస్తుంది, జీవానికి సంబంధించిన కెమిస్ట్రీలో వీటిలో మొదటి మూడింటిదే పెద్ద వాటా కాబట్టి ఆ రూల్ అంత పాపులర్ అయ్యింది. ఎనిమిదే ఎందుకంటే బయటి కక్ష్యలో ఒక ఎస్ ఆర్బిటల్, మూడు పీ ఆర్బిటల్స్, నాలుగు గదులు, గదికి ఇద్దరు. అవి నిండాక తర్వాతి ఎలక్ట్రాన్ చాలా పైనున్న కక్ష్యలోకి పోవాలి, అది గిట్టుబాటు కాదు. అక్కడా ఎనర్జీయే.

రూల్ ఆగిపోయే చోట్లు కూడా చాలానే ఉన్నాయి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ ఆరు ఫ్లోరిన్లతో ఉంటుంది, చుక్కల లెక్కలో పన్నెండు, అయినా అది దేనికీ చలించని గ్యాస్. నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం బయటి ఎలక్ట్రాన్లు 11, బేసి సంఖ్య, ఎలా పంచినా ఎవరికో ఒకరికి ఎనిమిది రావు. అన్నిటికంటే ఆక్సిజన్ కేసు నాకు ముచ్చటేస్తుంది: చుక్కలు పెడితే చక్కగా డబుల్ బాండ్ వస్తుంది, అన్నీ జంటలే, ఏ తప్పూ కనపడదు, కానీ ఆక్సిజన్‌ని మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చి బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే లేత నీలం రంగు ద్రవం కిందపడకుండా అక్కడే వేలాడుతుంది. జంటకట్టిన ఎలక్ట్రాన్లు అలా చెయ్యవు, ఒంటరివి ఉంటేనే అయస్కాంతం లాగుతుంది, ఆక్సిజన్‌లో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. ఇందాక హీలియం దగ్గర చెప్పిన బిగించే, విడగొట్టే ఆర్బిటల్స్ పద్ధతిలో నింపుకుంటూ వస్తే చివరి రెండు ఎలక్ట్రాన్లు ఎనర్జీ సమానంగా ఉన్న రెండు పై గదుల్లో చెరోటి పడతాయి, ప్రయోగంలో కనిపించింది దానంతటదే వచ్చేస్తుంది. ఈ మాలిక్యులర్ ఆర్బిటల్ పద్ధతి మీద పనిచేసిన మల్లికెన్‌కి 1966లో నోబెల్ ఇచ్చారు.

ఇంకా జడవాయువులు, అంటే నియాన్, జెనాన్ లాంటివి. ఎనిమిది నిండినవి, దేంతోనూ కలవవు అని పుస్తకాల్లో ఖాయం చేసేశారు. 1962లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే పదార్థం ఆక్సిజన్ మాలిక్యూల్ నుంచి కూడా ఎలక్ట్రాన్ లాగేయగలదని గమనించాడు. ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్ తీయడానికి పట్టే ఖర్చు 1165 కిలోజౌల్స్, జెనాన్ నుంచి తీయడానికి 1170. రెండూ దాదాపు ఒకటే కదా, మరి జెనాన్ ఎందుకు కలవకూడదు అనుకుని కలిపి చూశాడు, పసుపు నారింజ రంగులో ఘనపదార్థం తయారైంది. దశాబ్దాల నమ్మకం ఒక్క ప్రయోగంతో పోయింది. జెనాన్‌కి ఎనిమిది నిండాయా లేదా అని చూడలేదు ఆయన, ఖర్చెంత రాబడెంత అని చూశాడు.

లోహాల సంగతి క్లుప్తంగా చెప్తా. రాగి ముక్కలో బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క ఆటమ్‌కీ చెందవు, ముక్క మొత్తంలో పరుచుకుని ఉంటాయి, ఇందాకటి ఇల్లు పెద్దదవడం అనే మాటని కోట్లాది ఆటమ్స్‌కి సాగదీస్తే లోహ బంధం వస్తుంది. అందుకే కరెంటు పారుతుంది. సుత్తితో కొడితే రాగి సాగుతుంది, ఉప్పు పలుకు పగులుతుంది, ఎందుకంటే ఉప్పులో ఒక పొర కాస్త జరిగితే ప్లస్ ఎదురుగా ప్లస్, మైనస్ ఎదురుగా మైనస్ వచ్చి తోసేసుకుంటాయి, రాగిలో పొర జరిగినా చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల మబ్బు అదే, ఏమీ మారదు. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే, వజ్రంలో ఒక్కో కార్బన్ నాలుగు దిక్కులా 154 పికోమీటర్ల దూరంలో గట్టిగా పట్టుకుని ఉంటుంది, గ్రాఫైట్‌లో పొర లోపల దూరం 142, అంటే వజ్రం కంటే కూడా గట్టి బాండ్, కానీ పొరకీ పొరకీ మధ్య 335, అందుకే పెన్సిల్ రాస్తే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి.

చివరిది మాలిక్యూల్‌కీ మాలిక్యూల్‌కీ మధ్య లాగుడు, మాటలో చిన్నదే కానీ పని చాలా పెద్దది. నీళ్ళ మాలిక్యూల్‌లో కాస్త ప్లస్‌గా ఉన్న హైడ్రోజన్, పక్క మాలిక్యూల్‌లో కాస్త మైనస్‌గా ఉన్న ఆక్సిజన్ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, హైడ్రోజన్ బాండ్ అంటారు, బలం 20 కిలోజౌల్స్ చుట్టుపక్కల, లోపలి 463 ముందు ఏ మూలకీ రాదు. కానీ ఆక్సిజన్ బదులు దాని కిందనున్న సల్ఫర్‌ని పెట్టి చూడండి, హైడ్రోజన్ సల్ఫైడ్, నీళ్ళకంటే బరువైన మాలిక్యూల్, మైనస్ 60 డిగ్రీలకే మరిగి గ్యాసైపోతుంది, నీళ్ళు 100 దాకా నిలబడతాయి. ఆ 160 డిగ్రీల తేడా ప్రధానంగా ఈ చిన్న లాగుడుదే. గడ్డకట్టేటప్పుడు ఒక్కో నీళ్ళ మాలిక్యూల్ చుట్టూ నలుగురిని పట్టుకుని ఖాళీలున్న చట్రంలా పేర్చుకుంటుంది, అందుకే ఐస్ నీళ్ళకంటే 9 శాతం దాకా ఎక్కువ చోటు తీసుకుని తేలుతుంది.

ద్రవంగా ఉన్నప్పుడు మాత్రం ఏదీ స్థిరం కాదు. ఒక హైడ్రోజన్ బాండ్ సెకనులో లక్ష కోట్లో వంతు, మహా అయితే అలాంటివి కొన్ని వంతులు ఉంటుంది, తెగి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. లోపలి గట్టి బాండ్లు కూడా ఎప్పటికీ అవే ఉండవు, ఏ క్షణం చూసినా సుమారు 55 కోట్ల నీళ్ళ మాలిక్యూల్స్‌లో ఒకటి హైడ్రోజన్ వదిలేసి అయాన్లుగా విడిపోయి ఉంటుంది, ఆ వదిలేసిన హైడ్రోజన్ పక్కవాడి దగ్గరికి, అక్కడున్నది ఇంకో పక్కకి, ఇలా మారుతూ పోయి మామూలు నీళ్ళలో ఒక ఆక్సిజన్ దగ్గరున్న హైడ్రోజన్ సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో చేతులు మారిపోతుంది. మీ ఎదురుగా గ్లాసులో కదలకుండా ఉన్న నీళ్ళలో ఒక సెకను క్రితం ఉన్న మాలిక్యూల్ ఏదీ, అవే రెండు హైడ్రోజన్లతో, ఇప్పుడు దాదాపు లేదు.